సీమ పట్టాల మీద వేగం

ఈ పూట రైళ్ల వేగం గురించి మాట్లాడుకుందాం. ఆ వేగంలో రికార్డుల కోసం ప్రపంచం పడిన పాట్లేమిటి, కడప, కర్నూలు మీదుగా పోయే మన పట్టాల మీద ఆ వేగం ఎంతవరకు వచ్చింది, మిగిలినది ఎక్కడ ఆగిపోయింది, ఇవీ ఈ ప్రసంగంలోని విషయాలు.

ముందు ఒక చిన్న లెక్క. 2023 సెప్టెంబరు 24న కాచిగూడ, యశ్వంతపూర్ మధ్య వందే భారత్ రైలు మొదలైంది. మహబూబ్‌నగర్, కర్నూలు సిటీ, అనంతపురం, ధర్మవరం స్టేషన్లు దాని మజిలీలు. దూరం సుమారు 610 కిలోమీటర్లు. మొదలైనప్పుడు టైంటేబుల్‌లో దానికిచ్చిన సమయం ఎనిమిదిన్నర గంటలు. భాగించి చూస్తే గంటకు 72 కిలోమీటర్ల సగటు వస్తుంది. ఇక 54 ఏళ్లు వెనక్కి పోదాం. 1969 మార్చిలో ఢిల్లీ, హౌరాల మధ్య మొదటి రాజధాని ఎక్స్‌ప్రెస్ నడిచింది. సుమారు 1,450 కిలోమీటర్ల దూరాన్ని అది 17 గంటల 20 నిమిషాల్లో దాటింది. దాని సగటు గంటకు 83 కిలోమీటర్లకు పైనే.

రాజధానిని లాగింది ఆనాటి డీజిల్ ఇంజను. మన వందే భారత్ కరెంటుతో నడుస్తుంది. ఆ రకం రైలు ప్రయోగాల్లో గంటకు 180 కిలోమీటర్లు పరుగెత్తి చూపించింది. 2022లో వచ్చిన దాని కొత్త నమూనా నిలుచున్న చోటి నుంచి 52 సెకన్లలో 100 కిలోమీటర్ల వేగం అందుకుంటుందని రైల్వే శాఖ ప్రకటించింది. ఇంత సత్తా ఉన్న బండి కర్నూలు మీదుగా పోయేటప్పుడు అర్ధ శతాబ్దం నాటి డీజిల్ రైలు కన్నా తక్కువ సగటుతో ఎందుకు పోతోంది? జవాబు ఇంజనులో దొరకదు. అది దొరికేది పట్టాల దగ్గర. ప్రపంచంలో రైలు వేగం కోసం జరిగిన ప్రయత్నాలన్నీ తిరగేసినా కనిపించేది ఇదే.

1901లో జర్మనీలో, బెర్లిన్ దగ్గర మారియెన్‌ఫెల్డె నుంచి జోసెన్ దాకా ఉన్న లైను మీద కరెంటు బండ్లతో వేగ పరీక్షలు మొదలుపెట్టారు. బండి గంటకు 160 కిలోమీటర్ల వేగాన్ని అందుకునేసరికి కింద పట్టాలు దెబ్బతిన్నాయి. మోటార్లలో ఇంకా శక్తి ఉంది, దారిలో లేదు. పరీక్షలు ఆపి, ఆ లైనును బరువైన పట్టాలతో మళ్లీ వేశారు. 1903 అక్టోబరులో అదే లైను మీద ఏఈజీ కంపెనీ బండి గంటకు 210 కిలోమీటర్లు దాటింది. రెండేళ్లలో 50 కిలోమీటర్ల వేగం పెరిగిందంటే ఆ ఘనతలో పెద్ద వాటా దారి బాగుచేసినవాళ్లదే.

ఆవిరి ఇంజన్ల ప్రపంచ రికార్డు ఇంగ్లండులోని మల్లార్డ్ అనే ఇంజనుది. 1938 జూలై 3న స్టోక్ బ్యాంక్ అనే పల్లపు దారిలో అది గంటకు 126 మైళ్లు, అంటే దాదాపు 203 కిలోమీటర్ల వేగాన్ని తాకింది. ఆవిరి ఇంజన్లలో దాన్ని దాటినది ఈనాటికీ లేదు. నీలం రంగు పూసుకుని, గాలిని చీల్చుకుపోయేటట్టు నున్నగా మలిచిన ఇంజను అది. ఫోటోలో చూసినా కళ్లు తిప్పుకోలేం. అయితే ఆ పరుగులోనే దాని నడిమి సిలిండరుకు సంబంధించిన బేరింగు వేడెక్కి చెడిపోయింది. పీటర్‌బరో స్టేషన్ దాకా మెల్లగా చేరి అక్కడ ఆగింది. పెట్టెలను లండనుకు తీసుకుపోవడానికి వేరే పాత ఇంజను రావలసి వచ్చింది. నాకు మల్లార్డ్ మీద గౌరవం ఉంది. ఆ పెట్టెలను లండనుకు చేర్చిన, పేరు కూడా ఎవరికీ గుర్తులేని ఆ పాత ఇంజను మీద ఇంకాస్త ఎక్కువ గౌరవం ఉంది.

1955 మార్చిలో ఫ్రాన్సువాళ్లు రెండు కరెంటు ఇంజన్లతో గంటకు 331 కిలోమీటర్లు తాకారు. ఆ పరుగులో పై తీగను తాకే పాంటోగ్రాఫ్ వేడికి కరిగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే పట్టాలు పాములా మెలికలు తిరిగి ఉన్నాయి. 2007 ఏప్రిల్ 3న అదే దేశం గంటకు 574.8 కిలోమీటర్లు తాకింది. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద దొర్లే రైళ్లలో ఇప్పటికీ అదే ప్రపంచ రికార్డు. అందుకు వాళ్లు చేసిన ఏర్పాట్లు వినండి. ఇంకా ప్రయాణికులకు తెరవని కొత్త లైనును ఎంచుకున్నారు. రెండు ఇంజన్ల మధ్య మూడే మూడు పెట్టెలు పెట్టారు. చక్రాల వ్యాసం పెంచారు. పై తీగను మామూలు కన్నా బిగించారు. 25 వేల వోల్టుల కరెంటును 31 వేలకు పెంచారు. ఎదురు బండి లేదు, దారిలో ఆగే స్టేషన్ లేదు. మర్నాడు ఆ వేగంతో ఎవరినీ ఊరికి చేర్చలేదు.

అలాంటి పరుగుల్ని నేను తక్కువ చేయడం లేదు. పై తీగ ఎంత ఊగుతుంది, చక్రం ఏ వేగం దగ్గర అదరడం మొదలుపెడుతుంది, వంపులో పట్టా మీద ఎంత తోపు పడుతుంది అన్నవి పుస్తకంలో లెక్కవేసినంత మాత్రాన తేలవు. నడిపి చూడాలి. ఇవాళ ఫ్రాన్సులో ప్రయాణికులు గంటకు 320 కిలోమీటర్ల వేగంతో ప్రశాంతంగా కాఫీ తాగుతూ పోతున్నారంటే ఆనాటి పరీక్షలే కారణం. రికార్డు పరుగులో తేలినదాన్ని రోజువారీ బండికి దించుకోవాలి. ఆ రెండో పని జపాన్ చేసినంత బాగా ఇంకెవరూ చేయలేదని నా అభిప్రాయం.

1964 అక్టోబరు 1న టోక్యో, ఒసాకాల మధ్య షింకాన్‌సెన్ మొదలైంది. వేగం గంటకు 210 కిలోమీటర్లు. 1903లో జర్మన్లు ఒక్క పరుగులో సాధించినదాన్ని జపాన్‌వాళ్లు ప్రతి రోజూ, ప్రతి బండితో, సామాన్య ప్రయాణికులతో సాధించారు. దానికోసం అసలు పాత లైనును ముట్టుకోలేదు. పూర్తిగా వేరే లైను వేశారు. దాని మీద గూడ్సు బండ్లు లేవు, రోడ్డు గేట్లు లేవు, పెద్ద మలుపులు లేవు. ఆరు దశాబ్దాలు దాటినా బండి పట్టాలు తప్పడం వల్లగానీ, ఇంకో బండిని ఢీకొనడం వల్లగానీ అందులో ఒక్క ప్రయాణికుడూ చనిపోలేదు. అక్కడ ఏడాది మొత్తం మీద బండ్ల సగటు ఆలస్యం ఒక నిమిషం అటూ ఇటూగా ఉంటుంది. గంటకు 574 కిలోమీటర్ల రికార్డు ఒక ఎత్తు, ఈ నిమిషం ఒక ఎత్తు. రెంటిలో ఒకదాన్ని కోరుకోమంటే నేను నిమిషాన్నే కోరుకుంటాను.

మన దేశంలో ఈ కథ కాస్త ఆలస్యంగా మొదలైంది. 1960ల దాకా మన రైళ్ల గరిష్ఠ వేగం గంటకు 96 కిలోమీటర్లు, అంటే 60 మైళ్లు. లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌వో పట్టాల మీద, పెట్టెల మీద ప్రయోగాలు చేసి దాన్ని 120కి పెంచవచ్చని తేల్చింది. అందులోంచి రాజధాని పుట్టింది. 1988లో శతాబ్ది వచ్చింది. ఆ తరువాత 2016 ఏప్రిల్ 5న ఢిల్లీ నిజాముద్దీన్ నుంచి ఆగ్రాకు గతిమాన్ ఎక్స్‌ప్రెస్ 160తో మొదలైంది. అదే ఏడాది స్పెయిన్ దేశపు టాల్గో పెట్టెలను మథుర, పల్వల్ మధ్య 180తో పరీక్షించారు. 2018లో చెన్నైలోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ 18 నెలల్లో తయారుచేసిన ట్రెయిన్ 18, రాజస్థాన్‌లో కోట దగ్గర 180ని తాకింది. 2019లో అదే వందే భారత్ అయింది. 2025 జనవరిలో వందే భారత్ స్లీపరును కోట దగ్గరే 180తో నడిపి, బల్ల మీద పెట్టిన గ్లాసులో నీళ్లు తొణకకపోవడం వీడియో తీసి చూపించారు.

ఆ గ్లాసు వీడియో మీలో చాలామంది ఫోన్‌లో చూసే ఉంటారు. అందరి కళ్లూ స్పీడోమీటర్ మీదే ఉంటాయి. నీళ్లు తొణకకపోవడానికి మూల కారణం బండి అడుగున కంకరలో, స్లీపర్లలో, పట్టాల అతుకుల్లో ఉంది. అది వీడియోలో కనబడదు.

ఇక మన దారికి వద్దాం. రేణిగుంట, కోడూరు, రాజంపేట, నందలూరు, కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని. ఇది మద్రాసు, బొంబాయి నగరాలను కలిపిన పాత దారి. మద్రాసు రైల్వే కంపెనీ ఇటు నుంచి, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా కంపెనీ అటు నుంచి పట్టాలు వేసుకుంటూ వచ్చి 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. నందలూరులో ఆవిరి ఇంజన్లకు పెద్ద షెడ్డు వెలిసింది. చెయ్యేరు నీళ్లు ఇంజన్ల బాయిలర్లకు బాగా పనికివచ్చేవి. ఆవిరి పోయి డీజిల్ వచ్చాక షెడ్డు పోయింది. ఆ ఊరి పెద్దవాళ్లను కదిలిస్తే ఆ రోజుల గురించి ఇప్పటికీ గంటలు గంటలు చెప్తారు.

ఈ దారి మీద వేగం గురించి మాట్లాడేవాళ్లు 1902 సెప్టెంబరు 12ను మరిచిపోకూడదు. మద్రాసు నుంచి వచ్చిన మెయిలు ముద్దనూరు అవతల మంగపట్నం దగ్గరికి చేరేసరికి కుండపోత వానకు అక్కడి వంతెన కూలింది. బండి వాగులో పడింది. 71 మంది చనిపోయారు. మన సీమ వాగులు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. పిల్లలు ఆడుకుంటారు, గొర్రెలు దాటుతాయి. వచ్చేదేమో ఒక్క రాత్రిలో వస్తుంది. ఆ ఒక్క రాత్రి కోసమే వంతెన కట్టాలి. నీళ్లు ఎప్పుడూ పారే నది మీద వంతెన కట్టడం కన్నా, పారని వాగు మీద ఎంత పెద్ద వంతెన కావాలో అంచనా వేయడమే కష్టం.

నూట పందొమ్మిదేళ్ల తరువాత కూడా ఆ పాఠం మళ్లీ చదవాల్సి వచ్చింది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఊళ్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. నందలూరు, రాజంపేట మధ్య రైలు కట్ట కూడా కోసుకుపోయింది. పట్టాలు కింద మట్టి లేకుండా గాలిలో వేలాడాయి. చెన్నై, ముంబయి బండ్లు కొన్ని రద్దయ్యాయి, కొన్ని వేరే దారుల్లో తిరిగాయి. ఈసారి ఏ బండీ వాగులో పడలేదు. వానాకాలం రాత్రిళ్లు చేతిలో దీపంతో పట్టాల వెంట నడిచే గస్తీ మనుషులు, వాగుల్లో నీటి మట్టం చూసి బండ్లు ఆపే పద్ధతులు ఈ నూరేళ్లలో వచ్చినవే. మనం 130 కిలోమీటర్ల వేగంతో నిద్రపోతూ ప్రయాణం చేస్తున్నామంటే ఎవరో ఒకరు తడుస్తూ నడిచి చూశారు కాబట్టే. వాళ్లను గ్యాంగ్‌మన్ అని పిలిచేవాళ్లం, ఇప్పుడు ట్రాక్ మెయింటెయినర్ అంటున్నారు. వేగం రికార్డుల పుస్తకాల్లో వాళ్ల పేర్లు ఉండవు. ఉండాలి.

130 అన్నాను కదా. 2022 సెప్టెంబరు నుంచి దక్షిణ మధ్య రైల్వే రేణిగుంట, గుంతకల్లు, వాడి మధ్య 536 కిలోమీటర్ల దారిలో గరిష్ఠ వేగాన్ని గంటకు 130 కిలోమీటర్లకు పెంచింది. అంతకుముందు ప్రయోగ పరుగులు జరిగాయి. ఏ వేగానికి అనుమతి కావాలో దానికి పదో వంతు ఎక్కువతో నడిపి చూడడం రైల్వేలో పద్ధతి. అంటే 130కి అనుమతి కావాలంటే 143తో పరుగెత్తాలి. మన కడప జిల్లాకు వేగ పరీక్ష అంటే ఇదీ. ప్రపంచ రికార్డు కాదు, పతకం లేదు. కానీ ఆ పరీక్ష నెగ్గాక ప్రతి రోజూ వేలమంది దాని ఫలం అనుభవిస్తున్నారు.

దాని వెనక ఏమేం చేశారో కాస్త వివరంగా చెప్తాను. బరువు ఎక్కువున్న 60 కిలోల పట్టాలు, అంటే మీటరుకు 60 కిలోలు తూగేవి వేశారు. 260 మీటర్ల పొడుగు పట్టాలను తెచ్చి ఒకదానికొకటి అతికించారు. చిన్నప్పుడు మనం విన్న టకటక చప్పుడు ఇప్పుడు తగ్గిందంటే కారణం అదే. లైను మారే చోట మందమైన పాయింట్లు పెట్టారు. సిగ్నలు రాబోతోందని ఒకసారి బదులు రెండుసార్లు ముందే చెప్పే ఏర్పాటు చేశారు. ఎందుకంటే, బండి ఆగడానికి పట్టే దూరం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 110తో పోయే బండి ఆగడానికి పట్టే దూరానికి రెట్టింపు పైనే 160తో పోయే బండికి కావాలి. ముందు బ్రేకు సంగతి తేల్చుకోనిదే వేగం సంగతి ఎత్తకూడదు.

మన సీమలో ఇంకో రెండు చిక్కులున్నాయి. ఒకటి ఎండ. ఉక్కు పట్టా ఒక కిలోమీటరు పొడుగుంటే, ఒక్క డిగ్రీ వేడికి దాదాపు పదకొండున్నర మిల్లీమీటర్లు సాగాలని చూస్తుంది. చలికాలం తెల్లవారుజామున 15 డిగ్రీలుండే పట్టా, మే నెల మధ్యాహ్నం 65 డిగ్రీలకు పోతుంది. గాలి 45 డిగ్రీలుంటే ఉక్కు దానికన్నా చాలా ఎక్కువే కాగుతుంది మరి. తేడా 50 డిగ్రీలు. అంటే కిలోమీటరుకు అర మీటరు పైచిలుకు సాగాలి. అతికించిన పట్టాకు సాగే చోటు లేదు. ఆ ఒత్తిడినంతా స్లీపర్లు, వాటిని పట్టుకున్న కంకర భరించాలి. కంకర ఒక చోట పలచబడితే పట్టా పక్కకు ఉబుకుతుంది. అందుకే వేసవి మధ్యాహ్నాలు, మనం తలుపులు వేసుకుని ఫ్యాను కింద పడుకున్న వేళ, పట్టాల వెంట మనుషులు నడుస్తుంటారు.

రెండోది నల్లరేగడి. నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు రైతులకు దాని గుణం నేను చెప్పనక్కర్లేదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. పత్తికి, శనగకు బంగారం లాంటి నేల. దాని మీద పట్టాలు వేస్తే ఒక చోట లేస్తాయి, ఒక చోట కుంగుతాయి. మంచి గరుసు మట్టి తెచ్చి దట్టంగా పరిచి, దాని మీద కంకర వేయాలి. నంద్యాల, ఎర్రగుంట్ల లైను ఇలాంటి నేల మీదుగానే పోతుంది.

ఆ లైను పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నాను. బనగానపల్లె, కోవెలకుంట్ల, సంజామల, నొస్సం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా దాని పొడవు 123 కిలోమీటర్లు. 1996–97లో మంజూరైంది. మొదటి రైలు 2016 ఆగస్టు 23న నడిచింది. ఇరవై ఏళ్లు. ఏడాదికి ఆరు కిలోమీటర్లు. ప్రొద్దుటూరులో ఆ ఇరవై ఏళ్లలో పుట్టి పెరిగి, చదువు ముగించి, ఊరు విడిచిపోయిన పిల్లలున్నారు. వాళ్లకు గంటకు 130తో పనేముంది, తమ ఊళ్లో రైలే లేనప్పుడు? కడప, బెంగళూరు లైను సంగతీ అంతే. 255 కిలోమీటర్ల ఆ లైను 2008–09లో మంజూరైంది. కడప నుంచి పెండ్లిమర్రి దాకా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు మాత్రం తెరిచారు. ఉద్యోగానికి బెంగళూరు పోయే కడప పిల్లలు రైలెక్కితే చుట్టుదారి పట్టాల్సిందే, లేదా రాత్రి బస్సు. చుట్టుదారిలో ఎంత వేగంగా పోయినా తిన్నని దారితో సమానం కాలేము.

ఇప్పుడు మొదట వేసిన ప్రశ్నకు వస్తాను. కర్నూలు మీదుగా వందే భారత్ సగటు 72 దగ్గర ఎందుకుంది?

సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా 85 కిలోమీటర్లు జంట లైను పూర్తయింది, 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితం చేశారు. అక్కడి నుంచి గద్వాల, కర్నూలు మీదుగా డోన్ దాకా ఒంటి లైను. వందే భారత్ మొదలైనది ఆ ఒంటి లైను మీదే. ఒంటి లైను మీద రెండు బండ్లు ఎదురైతే ఒకటి స్టేషన్‌లో పక్క లైనులోకి తప్పుకోవాలి. దాన్నే మనం క్రాసింగ్ పడిందంటాం. వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో కర్నూలు నుంచి కడపకో, తిరుపతికో పోయినవాళ్లకు ఆ మాట కొత్త కాదు. పక్క లైనులోకి పోయేటప్పుడు వేగం 30కి దిగాలి, ఆగాలి, ఎదురుబండి పోయేదాకా ఉండాలి, మళ్లీ కదిలి వేగం అందుకోవాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. వంద కిలోమీటర్ల దూరాన్ని 130తో పోతే 46 నిమిషాలు పడుతుంది. అదే దూరాన్ని 160తో పోతే 37న్నర నిమిషాలు. మిగిలింది ఎనిమిదిన్నర నిమిషాలు. దానికోసం పట్టాలు మార్చాలి, రెండువైపులా కంచె వేయాలి, గేట్లన్నీ తీసి వంతెనలు కట్టాలి, సిగ్నళ్లు మార్చాలి, కోట్లు ఖర్చు. ఒక్క క్రాసింగ్‌లో ఇరవై నిమిషాలు ఆగితే ఆ ఎనిమిదిన్నర నిమిషాలూ పోయి, ఇంకో పదకొండున్నర ఎదురు పడతాయి. అంటే కర్నూలువాళ్లకు 160 కన్నా రెండో లైను ముఖ్యం. మహబూబ్‌నగర్, డోన్ మధ్య రెండో లైనుకు కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టులో ఆమోదం తెలిపింది. నా దృష్టిలో కర్నూలు రైల్వే చరిత్రలో ఆ నిర్ణయం వందే భారత్ కన్నా పెద్దది. పచ్చజెండా ఊపిన రోజు వచ్చినంతమంది విలేకరులు ఆ రోజు రాలేదు, అంతే తేడా.

ఇంకో సంగతి. మన రైల్వేలో సగటున గంటకు 55 కిలోమీటర్లు పోయే బండిని సూపర్‌ఫాస్ట్ అంటారు, టికెట్టు మీద అదనపు రుసుము తీసుకుంటారు. ఆ గీత చాలా కిందుంది. దాన్ని పైకి జరపాల్సిన కాలం వచ్చిందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ప్రయాణికుడు డబ్బు ఇచ్చేది సగటు వేగానికి. రైల్వే ప్రకటనల్లో కనిపించేదేమో గరిష్ఠ వేగం. ప్రతి ఎక్స్‌ప్రెస్ బండి పక్కనా దాని సగటు వేగాన్ని, కిందటి ఏడాది సగటు ఆలస్యాన్ని అచ్చు వేయమని అడగడం అన్యాయమైన కోరిక కాదు.

సగటును పెంచే పనులు సీమలో కొన్ని జరిగాయి. అవి వేగం పేరుతో జరగలేదు కాబట్టి మనం గమనించలేదు. పాత కడప జిల్లాలోని ఓబులవారిపల్లె నుంచి నెల్లూరు వైపు వెంకటాచలం దాకా 2019 సెప్టెంబరు 1న కొత్త లైను తెరిచారు. వెలికొండలను తొలిచి చెర్లోపల్లి, రాపూరు మధ్య 6.6 కిలోమీటర్ల సొరంగం వేశారు. కరెంటు రైళ్లు పోయే సొరంగాల్లో అప్పటికి దేశంలో అదే అతి పొడవైనది. రికార్డు అంటే అదీ ఒక రికార్డే, మన గడ్డ మీదిది. కృష్ణపట్నం రేవు నుంచి వచ్చే బొగ్గు, ఎర్రగుంట్ల సిమెంటు, మంగంపేట ముగ్గురాయి, అన్నీ పాత దారిలోనే పోతే గూడూరు, రేణిగుంటల దగ్గర ప్రయాణికుల బండ్లు వాటి వెనక నిలబడాలి. గూడ్సుకు వేరే దారి దొరికితే మన బండికి దారి ఖాళీ అవుతుంది. గూడ్సు బండిని తిట్టుకునేవాళ్లు ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి. రైల్వేకు టికెట్ల కన్నా ఎక్కువ ఆదాయం తెచ్చేది అదే. దానికి దారి చూపించడం మన వేగానికి దారి చూపించడమే.

భద్రత సంగతి చెప్పకుండా వేగం గురించి ముగించలేను. రెండు బండ్లు ఒకే లైను మీదికి వస్తే వాటంతట అవే ఆగేటట్టు చేసే కవచ్ అనే ఏర్పాటు మన దేశంలోనే తయారైంది. దాని తొలి పరీక్షలు లింగంపల్లి, వికారాబాద్, వాడి ప్రాంతంలో జరిగాయి. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య ఒకే పట్టా మీద ఎదురెదురుగా రెండు ఇంజన్లు నడిపారు. ఒకదానిలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ స్వయంగా ఉన్నారు. ముందున్న ఇంజనుకు 380 మీటర్ల దూరంలో ఆ ఇంజను తనంతట తానే ఆగింది. మన్మాడ్ నుంచి సికింద్రాబాద్, కర్నూలు, డోన్ మీదుగా గుంతకల్లు దాకా ఉన్న లైను దేశంలో కవచ్ ముందుగా అమర్చిన దారుల్లో ఒకటి. డ్రైవరు పొరపాటున వేగం మించినా, ఎర్ర సిగ్నలు దాటబోయినా అదే బ్రేకు వేస్తుంది. 160 కిలోమీటర్ల వేగంతో పోయే బండిలో డ్రైవరుకు పక్కనున్న సిగ్నలు రెప్పపాటులో దాటిపోతుంది. ఆ సిగ్నలును అతని ముందున్న తెర మీదే చూపించే ఈ ఏర్పాటు లేకుండా ఎక్కువ వేగం జోలికి పోకూడదు.

2026 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించిన ఏడు హైస్పీడ్ దారుల్లో హైదరాబాద్, బెంగళూరు దారి ఒకటి. పటం మీద ఆ రెండు నగరాలకు తిన్నగా గీత గీస్తే అది కర్నూలు పక్క నుంచే పోతుంది. అది వస్తే సంతోషిస్తాను. రావాలనే కోరుకుంటున్నాను. కర్నూలు నుంచి ఒక రైతు పొద్దున్నే హైదరాబాదు పెద్దాసుపత్రికి పోయి, చూపించుకుని, రాత్రి భోజనానికి ఇల్లు చేరగలిగితే అంతకన్నా ఏం కావాలి? అయితే అది వచ్చేలోగా ఉన్న లైను మీద చేయాల్సిన పనులు ఆగకూడదు. బుల్లెట్ రైలు మాట వినబడుతున్నప్పుడు రెండో లైను పని నెమ్మదించకుండా చూసుకోవాలి.

మన వంతు కూడా కొంత ఉంది. 2022 అక్టోబరు 6న గుజరాత్‌లో ఒక వందే భారత్ గేదెలను ఢీకొట్టింది, ముక్కు పగిలింది. పట్టాల పక్కన గొడ్లను, గొర్రెలను మేపేవాళ్లకు ఒక మాట. పాత పాసింజరు బండి దూరంగా కూత వేస్తే మందను తోలుకునే వ్యవధి ఉండేది. 130తో వచ్చే బండి సెకనుకు 36 మీటర్లు కదులుతుంది. కరెంటు బండి చప్పుడు దగ్గరికి వచ్చేదాకా వినపడదు. మూసిన గేటు కింద దూరకండి. పిల్లలు నడిచే బండి మీద రాళ్లు వేయకుండా బడిలో, ఇంట్లో చెప్పండి. ఆ అద్దం వెనక ఒక తల్లో, ఒక పసిబిడ్డో ఉంటారు.

ఇక మీ ఊరికి ఎంపీగారో, ఎమ్మెల్యేగారో, రైల్వే అధికారులో వచ్చినప్పుడు కొత్త రైలు ఎప్పుడిస్తారని ఒక్కటే అడగకండి. మహబూబ్‌నగర్, డోన్ రెండో లైను ఎన్ని కిలోమీటర్లు పూర్తయిందో అడగండి. పెండ్లిమర్రి దగ్గర ఆగిన కడప, బెంగళూరు లైను మళ్లీ ఎప్పుడు కదులుతుందో అడగండి. మీరు ఎక్కే బండి సగటున గంటకు ఎంత పోతోందో, కిందటేడాది ఎంత పోయిందో అడగండి. జవాబు తేదీతో సహా చెప్పమనండి, కాగితం మీద రాసి ఇవ్వమనండి.